కడపసీమలో ఓటు నడచిన త్రోవ



నేడు నేను మీతో ముచ్చటింపబూనిన విషయము మన వ్రేలిమీది సిరాచుక్కను గూర్చినది. ఆ చుక్క కొన్ని వారములలో మాసిపోవును. ఆ చుక్కకు ముందు మన మనస్సులో జరిగిన తీర్పు మాత్రము అయిదేండ్లు నిలుచును. 1952 మొదలు 2024 వరకు కడప లోక్‌సభ స్థానమునందును, నేడు అందులో చేరియున్న మన కమలాపురము శాసనసభ స్థానమునందును ఆ తీర్పు ఏయే త్రోవల నడచినది, ఎచ్చటెచ్చట మలుపు తిరిగినది, చదువుకొన్న యువకుల ఓటు అందెట్టి పాత్ర వహించినది అనునదియే నా ప్రసంగము. ఏ పక్షమును పొగడుటకుగాని తెగడుటకుగాని నేను రాలేదు. బడిలో పిల్లల పద్దులు సరిచూచినవాడను. ఇచ్చటను పద్దులే సరిచూచెదను.

మన తాతల కాలమున ఓటు అనునది అందరి సొత్తు గాదు. ఆంగ్లేయుల యేలుబడిలో 1937లో మదరాసు శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు, పన్ను కట్టువారికిని, ఆస్తి గలవారికిని, కొంత చదువు గలవారికిని మాత్రమే ఓటుండెను. కూలివాని ఇంటికి ఓటు అడుగుటకు ఎవ్వరును రాలేదు. స్వరాజ్యము వచ్చి రాజ్యాంగము అమలైన పిదప, 1951-52 సంవత్సరములలో జరిగిన తొలి సార్వత్రికపు ఎన్నికలలో, 21 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీకిని పురుషునికిని ఓటు లభించినది. భూస్వామి ఓటును, అతని యెద్దులను తోలు జీతగాని ఓటును ఒకే తూకమైనవి. మన సీమలో అంతకు ముందెన్నడును అట్టి తూకము కనబడి యెరుగము.

ఆ తొలి రెండు ఎన్నికలలో ఓటు వేయు రీతియు వేరు. ప్రతి అభ్యర్థికిని ఒక ప్రత్యేకమైన పెట్టె. దానిపై అతని గుర్తు. ఓటరు చీటిని తనకు నచ్చిన పెట్టెలో వేయవలెను. చదువురాని జనము కొరకు చేసిన యేర్పాటది. 1962 ఎన్నికలనుండి అభ్యర్థులందరి పేర్లును గుర్తులును గల కాగితముపై ముద్ర వేయు పద్ధతి వచ్చినది. 2004 లోక్‌సభ ఎన్నికలనుండి దేశమంతటను మీటనొక్కు యంత్రము వచ్చినది. ఈ మార్పులు పైకి చిన్నవిగా దోచును. వీని వలననే ఊరి పెద్దలు ఒక సంగతి విషయమున జాగ్రత్తపడవలసియున్నది. దానిని తుదిని విన్నవించెదను.

ఇక మన కడప స్థానపు కథ. 1952లో మన జిల్లా ఇంకను మదరాసు రాష్ట్రములో నుండెను. కరవు కాలము, గంజి కేంద్రముల యెదుట జనము బారులు తీరిన దినములు. ఆనాడు కడప ప్రజలు లోక్‌సభకు పంపినది కమ్యూనిస్టు నాయకుడగు ఎద్దుల ఈశ్వరరెడ్డిగారిని. దేశమంతట కాంగ్రెసు గాలి వీచుచుండగా మనవారు వేరు త్రోవ తొక్కిరి. 1957లో కాంగ్రెసు అభ్యర్థి రామిరెడ్డిగారు గెలిచిరి. మరల 1962లోను, 1967లోను, 1971లోను ఈశ్వరరెడ్డిగారే గెలిచిరి. ఒకే మనుష్యుని నాలుగు పర్యాయములు, అందును అప్పటికి ఢిల్లీలో ప్రభుత్వము నడపని పక్షమువానిని ఎన్నుకొనుట చిన్న విషయము గాదు. వడ్డించువాడు మనవాడైన కడబంతి నున్ననేమి యను సామెతను మనవారు ఆనాడు పాటింపలేదన్నమాట.

1977 రెండవ మలుపు. అత్యవసర పరిస్థితి పిదప ఉత్తరదేశమంతట కాంగ్రెసు ఓడిపోగా, మన ఆంధ్రప్రదేశములోని 42 స్థానములలో 41 కాంగ్రెసుకే దక్కినవి. ఆ మిగిలిన యొక్కటి మన ప్రక్కనున్న నంద్యాల. అచ్చట జనతా పక్షమున గెలిచిన నీలం సంజీవరెడ్డిగారు ఆ యేడే రాష్ట్రపతులైరి. కడపలో కాంగ్రెసు అభ్యర్థి కందాళ ఓబుళరెడ్డిగారు గెలిచి, 1980లోను నిలిచిరి. 1984లో, ఇందిరాగాంధీగారి మరణానంతరము దేశమంతయు కాంగ్రెసువైపు మొగ్గగా, ఆంధ్రదేశము తెలుగుదేశమును వరించినది. కడపలో ఆ పక్షపు డి.ఎన్. రెడ్డిగారు గెలిచిరి. ఇట్లు 1971 మొదలు 1984 వరకు పదమూడేండ్లలో కడప స్థానము మూడు పక్షముల చేతులు మారినది.

మూడవ మలుపు 1989. ఆ యేడు రెండు సంగతులు జరిగినవి. రాజ్యాంగమునకు 61వ సవరణ జరిగి, ఓటు వయస్సు 21 నుండి 18 ఏండ్లకు దిగినది. అమెరికాలో ఇట్టి మార్పు 1971లోనే వచ్చియుండెను. రెండవది, కడప లోక్‌సభ స్థానమున వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున గెలిచిరి. నాటినుండి 2024 వరకు ఉప ఎన్నికతో గలిపి 11 ఎన్నికలు జరిగినవి. పదునొకండింటను ఒకే కుటుంబమువారు గెలిచిరి: 1989, 1991, 1996, 1998లలో రాజశేఖరరెడ్డిగారు, 1999, 2004లలో వివేకానందరెడ్డిగారు, 2009లోను 2011 ఉప ఎన్నికలోను జగన్మోహనరెడ్డిగారు, 2014, 2019, 2024లలో అవినాశరెడ్డిగారు.

ఇంతమాత్రము చూచి, 35 ఏండ్లుగా కడప ఓటరు కదలలేదని తలంతురేమో. అది పద్దు పైవరుస మాత్రమే చూచుట యగును. ఆధిక్యములను చూడుడు. 1991లో నాలుగు లక్షలు దాటిన ఆధిక్యము 1996లో ఐదు వేల చిల్లరకు దిగినది. అయిదేండ్లలో కొండ కరగి గుట్టయైనది. 2009లో హస్తము గుర్తుపై లక్షా 78 వేల ఆధిక్యమిచ్చిన ఓటర్లు, రెండేండ్లకే 2011లో అదే అభ్యర్థికి ఫ్యాను గుర్తుపై 5,45,672 ఓట్ల ఆధిక్యమిచ్చిరి. గుర్తు మారినది, ఇల్లు మారలేదు. కావున గుర్తునుబట్టి లెక్కించువారు అచ్చట పెనుమార్పును చూతురు. మనుష్యునిబట్టి లెక్కించువారు నిలుకడను చూతురు. రెండును నిజమే. తరువాత 2014లో లక్షా 90 వేలు, 2019లో 3 లక్షల 80 వేలు, 2024లో 62 వేల చిల్లర. పైకి ఒకటే ఫలితము. లోపల నీరు ఎక్కుచు దిగుచునేయున్నది, మన పాపఘ్ని వలెనే. ఎండకాలమున ఇసుక మాత్రమే కనబడు నా యేరు, 2021 నవంబరులో కమలాపురము వంతెననే కూల్చివేసిన సంగతి మీరు మరువలేదు గదా!

మన కమలాపురము శాసనసభ స్థానమును చూతము. 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి రవీంద్రనాథరెడ్డిగారు ఐదు వేల చిల్లర ఆధిక్యముతో గెలిచిరి. 2019లో వారికే 27 వేలు దాటిన ఆధిక్యము వచ్చినది. 2024లో తెలుగుదేశపు అభ్యర్థి పుత్తా చైతన్యరెడ్డిగారు 25 వేలు దాటిన ఆధిక్యముతో గెలిచిరి. అయిదేండ్లలో ఇటునుండి అటు జరిగిన దూరము 50 వేల పైచిలుకు. ఒక్కొక్క ఓటు అటు మారిన ఆధిక్యమున రెండు తేడా వచ్చును గావున, 2019లో ఓటు వేసినవారే మరల వేసిరనుకొన్నను 25, 26 వేలమంది మనసు మార్చుకొన్నట్లు. పాతవారు కొందరు గతించి, క్రొత్తవారు కొందరు చేరియుందురు. ఆ లెక్కయు ఇందులో కలదు.

అంతకంటె చిత్రమైన పద్దు ఇంకొకటి కలదు. కడప లోక్‌సభ స్థానమున ఏడు శాసనసభ స్థానములు: కడప, కమలాపురము, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు. 2024లో వీనిలో ఐదింటిని తెలుగుదేశము కూటమి గెలిచినది. ఆ యైదింటి ఆధిక్యములను కూడిన లక్షకు మించును. పులివెందుల, బద్వేలు స్థానములలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు ఆధిక్యములను కూడిన సుమారు 80 వేలు. కూడికలు తీసివేతలు వచ్చిన పిల్లవాడెవడైనను లోక్‌సభ స్థానము కూటమికే దక్కవలెనని చెప్పును. కాని దక్కినది వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు, 62 వేల ఆధిక్యముతో. కాంగ్రెసు పక్షమున నిలిచిన షర్మిలగారికి లక్షా 40 వేలకు పైగా ఓట్లు పడినవి. శాసనసభ స్థానములలో ఆ పక్షపు అభ్యర్థులెవ్వరును గెలుపు దరిదాపులకు రాలేదు. దీనినిబట్టి తేలిన సంగతి యేమి? ఒకే దినమున, ఒకే గదిలో, ప్రక్కప్రక్కనే యున్న రెండు యంత్రములపై వేలకొలది ఓటర్లు రెండు వేరు తీర్పులు చెప్పిరి. శాసనసభకు ఒకరు, లోక్‌సభకు వేరొకరు. ఎవ్వరును వారికి నేర్పలేదు. వారే విడదీసికొనిరి.

మన సీమలో పార్టీ యను మాటకు రెండర్థములు గలవని మీకు తెలియును. ఒకటి ఢిల్లీకి, అమరావతికి సంబంధించిన పార్టీ. రెండవది ఊరి పార్టీ. అనగా ఊరిలోని ఒక పెద్దయింటి చుట్టు చేరిన జట్టు. చిరకాలము ఊరి పార్టీయే అసలు పార్టీ. ఎదుటివారు ఏ గుర్తు పట్టిన, మనవారు దానికి మారుగుర్తు పట్టుటయే నీతి. పెద్ద గాలులు వీచినను కొన్ని యూళ్ల ఓట్లు చెక్కుచెదరకుండుటకును, మరికొన్ని యూళ్లు ఒక్క రాత్రిలో గంపగుత్తగా మారుటకును కారణమిదియే. ఊరు మారలేదు; పెద్ద మారెను, ఊరు వెంటబోయెను. ఆ కక్షలలో ఎన్ని యిండ్లు పాడైనవో, ఎందరు తల్లులకు కడుపుకోత మిగిలినదో నేను చెప్పనక్కరలేదు.

ఈ ముడిని వదులు చేసినది చదువని నా తలంపు. అమెరికాలో దేశాధ్యక్షుని ఎన్నికయందు కౌంటీ అను పరగణాలవారీగా ఓట్లు లెక్కించి ప్రకటింతురు. పెద్ద విశ్వవిద్యాలయముగల కౌంటీల ఓటు చుట్టుపట్ల పల్లెల ఓటునుండి యెట్లు వేరగుచున్నదో అచ్చటి పరిశీలకులు పోల్చి చూతురు. ఇటీవలి దశాబ్దములలో అట్టి విద్యాకేంద్రములు పెక్కు డెమొక్రాటిక్ పక్షమువైపును, పల్లెలు రిపబ్లికన్ పక్షమువైపును జరిగినవి. అనగా అచ్చట చదువు ఓటును ఒక దిక్కునకు త్రిప్పినట్లు కనబడును. మన జిల్లాలోను విద్యాకేంద్రములు పెరిగినవి. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయము కడప చెంత వెలసినది. 2008లో ఇడుపులపాయలో సాంకేతిక విద్యాలయము వచ్చినది. మరి మన చదువరుల ఓటు ఏ దిక్కునకు తిరిగినది?

దీనికి కొలబద్ద యొకటి కలదు. శాసనమండలికి పట్టభద్రుల స్థానమని ప్రత్యేకముగా నున్నది. ఉమ్మడి కడప, కర్నూలు, అనంతపురము జిల్లాల పట్టభద్రులు పశ్చిమ రాయలసీమ స్థానమున ఓటు వేయుదురు. పట్టా పొంది మూడేండ్లయిన వారే అర్హులు. 2011లో అచ్చట వామపక్షముల తోడ్పాటుగల గేయానంద్‌గారు గెలిచిరి. 2017లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు వైపునుండి వెన్నపూస గోపాలరెడ్డిగారు గెలిచిరి. 2023 మార్చిలో తెలుగుదేశపు భూమిరెడ్డి రామగోపాలరెడ్డిగారు, రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కించిన పిదప గెలిచిరి. మరుసటి యేడు రాష్ట్రమంతట రాబోవు మార్పునకు అది ముందుసూచనయైనది. మూడు ఎన్నికలు, మూడు వైపులు! కనుక మన సీమలో చదువు ఓటును ఒక పక్షమునకు కట్టివేయలేదు, కట్టును విప్పినది. ఈ పట్టభద్రుల ఎన్నికలలో వేలకొలది ఓట్లు చెల్లనివై పోయినవి. ముప్పది పుస్తకములు చదివినవాడును కాగితముపై అంకె వేయుటలో తప్పుటయుండును. కావున చదువుకొన్నవారు సర్వజ్ఞులని నేననుట లేదు.

ఇప్పుడు నా సంగతి యొకటి చెప్పక తప్పదు. తెలుగు పండితుడనై బడిలో చేరిన నేను 1989 మొదలు పలుమార్లు ఎన్నికల విధులకు పోయితిని. కాగితపు ఓట్ల కాలమున, ఓటర్లకు బెదరింపు కలుగునని ఎన్నికల సంఘము తలచినచోట పెక్కు పెట్టెల కాగితములను కలిపి లెక్కించు ఏర్పాటొకటి నిబంధనలలో నుండెను. ఏ యూరు ఎవరికి వేసినదో అప్పుడు తెలియదు. యంత్రము వచ్చిన పిదప ప్రతి పోలింగు కేంద్రపు లెక్కయు విడివిడిగా తేలుచున్నది; ప్రకటింపబడుచున్నది. కేంద్రమునకు వేయి, పదునైదు వందల ఓట్లకు మించవు. చిన్న పల్లెయైన మూడు నాలుగు వందలే. యంత్రముల లెక్కలను కూడ కలిపి చెప్పు సాధనము నుపయోగింపుమని ఎన్నికల సంఘము 2008లోనే ప్రతిపాదించినది. 2015లో లా కమిషను తన 255వ నివేదికలో దానిని సమర్థించినది. అది అమలునకు రాలేదు.

2014 ఫలితములు వచ్చిన వారమున మా చుట్టుపట్ల నొక పల్లెకు పోయితిని. పేరు చెప్పను. ఆ పల్లె అంతయు ఒక్క పార్టీ. లెక్కలో మాత్రము ఎదుటివారికి 11 ఓట్లు కనబడినవి. రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చుండి ఆ పదునొకండుగురు ఎవరని లెక్కించుచుండిరి. వారి చూపు నా శిష్యుని యింటిమీద పడినది. ఊరిలో డిగ్రీ చదివినవాడు వాడొక్కడే. ఒక పెద్ద నన్ను చూచి, “ఏమి అయివారూ, సదువుకున్నోడికే గదా ఇట్లాంటి బుద్ధులు పుట్టేది?” అనెను. ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి యని నేనును సామెత కలిపి నవ్వితిని. అందరును నవ్విరి. ఆ నవ్వుతో తీర్పు జరిగిపోయినది. పొరుగు రైతు బోరునుండి ఆ పిల్లవాని తండ్రికి వచ్చు నీటివంతు ఆ వేసవిలోనే ఆగిపోయినది. మూడేండ్లు బిడ్డలవలె పెంచిన చీనీచెట్లు ఎండిపోయినవి. పిల్లవాడు బెంగుళూరు చేరెను.

2024 మే నెలలో, ఓటు వేయుటకై దూరపట్టణములనుండి జనము తండోపతండములుగా మన రాష్ట్రమునకు వచ్చిన దినములలో, వాడును రాత్రి బస్సున వచ్చి, ఓటు వేసి, నా యింటికి వచ్చెను. పాత మాట నేనే యెత్తితిని. వాడు నెమ్మదిగా, “ఆ పదకొండులో నా ఓటు ఉన్నిందో లేదో నేను చెప్పను అయివారూ. మీరు అడగలేదు, అది మంచిదే. అడిగేవాళ్లను వద్దనుంటే మా నాయన చెట్లు బతికేటివి” అనెను. నాకు మారుమాట దొరకలేదు. ముప్పదేండ్లు ధర్మపన్నములు చెప్పిన నోరు, చెప్పవలసిన దినమున సామెత చెప్పి నవ్వినది. ఈ ప్రసంగమునకు నేనొప్పుకొనుటకు కారణమదియే.

మహాశయులారా! 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 94వ విభాగము, ఏ సాక్షినిగాని మరెవ్వరినిగాని తాను ఎవరికి ఓటు వేసెనో చెప్పుమని నిర్బంధింపరాదని చెప్పుచున్నది. 128వ విభాగము ఓటు రహస్యమును కాపాడు బాధ్యతను ఎన్నికల విధులలోనివారిపై మోపినది. న్యాయస్థానమునకే లేని యధికారము రచ్చబండకు ఎక్కడనుండి వచ్చును? కలిపి లెక్కించు సాధనము వచ్చుదాక, ఆ రహస్యమునకు కావలి ఊరి పెద్దలే.

అందుచేత మీకు మూడు విన్నపములు. మొదటిది, ఫలితములు వచ్చినప్పుడు మీ కేంద్రపు లెక్కను చూడవచ్చును. కాని ఆ కొలదిమంది యెవరని వెదకవలదు, వెదకనీయవలదు. రెండవది, నీరు, దారి, రేషను, శ్మశానము, ఈ నాలుగింటికిని ఎన్నికకును ముడిపెట్టనీయకుడు. మూడవది, మీ యింట కుమారుడొకరికి, కోడలొకరికి ఓటు వేసిన, ఇల్లు చీలినదని తలంపకుడు. 1952లో దేశమంతటికి భిన్నముగా ఓటు వేసిన కడపవారిని నేడు మనము స్వతంత్రబుద్ధి గలవారని మెచ్చుకొనుచున్నాము. ఊరంతటికి భిన్నముగా ఓటు వేసినవాడును వారి మనుమడే గదా!

ఆ పల్లెలోని పదునొకండుగురు ఎవరో నేటికిని ఎవ్వరికిని తెలియదు. తెలియకుండుటయే ధర్మము. వచ్చు ఎన్నికలో అట్టివారు పదునొకండుగురు కానిండు, నూటపదునొకండుగురు కానిండు, వారి చెట్లకు నీరు పారవలెను. అంతవరకు మీరు చూచుకొనిన, ఓటు ఎటు నడచినను మన సీమకు కీడు లేదు.